వెల్డ్ పాసైంది, చేయి వంగింది: 6061-టీ6 అల్యూమినియం మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పెద్ద యంత్రం పక్కకు తోసుకెళ్లి, చక్రాలకు బ్రేకులు వేసి, పైకెక్కి మరమ్మతు చేసుకునే వేదిక ఇది. మనుషులు నిలబడే పలకను కింద నుంచి అల్యూమినియం చేతులు మోస్తాయి. ఒక్కో చేయి ఒక చివర నిలువు స్తంభానికి బిగించి ఉంటుంది, రెండో చివర గాల్లో ఉంటుంది. తయారు చేసిన సంస్థకు ఉక్కు పనిలో మంచి చేయి తిరిగిన అనుభవం ఉంది. వేదికను ఇద్దరు మనుషులు తోసుకుపోగలగాలి కాబట్టి, బరువు తగ్గించడానికి కొత్త మోడల్‌ను అల్యూమినియంలోకి మార్చారు. సంస్థ ఎవరిది, యంత్రం ఏమిటి అన్నవి ఇక్కడ అనవసరం. కొలతలను కొంచెం గుండ్రం చేశాను, లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

చేయి 100×50×4 మి.మీ. దీర్ఘచతురస్రపు ట్యూబు, మిశ్రమలోహం 6061-టీ6 (హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరిచిన అల్యూమినియం రకం). పొడవు 1.2 మీటర్లు. చివరన రావాల్సిన బరువు 3 కిలోన్యూటన్లు, అంటే సుమారు 300 కిలోలు. స్తంభం వైపు మొదలు దగ్గర ట్యూబును 12 మి.మీ. బేస్ ప్లేటుకు ఆనించి, చుట్టూ ఫిల్లెట్ వెల్డు (రెండు ముఖాలు కలిసే మూలలో పోసేది) వేశారు. పద్ధతి టిగ్ (టంగ్‌స్టన్ మొన నుంచి వచ్చే ఆర్క్‌తో కరిగిస్తూ, ఫిల్లర్ రాడ్‌ను చేత్తో అందించేది), ఫిల్లర్ రాడ్ 5356.

డిజైనర్ లెక్క చూస్తే తప్పు పట్టడానికి ఏమీ కనబడదు. చేయి మొదలు దగ్గర మొమెంట్ (బరువును దూరంతో గుణిస్తే వచ్చే వంచే ప్రభావం) 3.6 కిలోన్యూటన్-మీటర్లు. ట్యూబు సెక్షన్ మాడ్యులస్ (దాని ఆకారం వంపును ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) సుమారు 28,800 ఘనపు మిల్లీమీటర్లు. స్ట్రెస్ 125 మెగాపాస్కల్స్ వస్తుంది. 6061-టీ6 యీల్డ్, అంటే లోహం శాశ్వతంగా లొంగడం మొదలయ్యే స్ట్రెస్, 240. చేతిలో 1.9 రెట్ల మార్జిన్ ఉందని రాసుకున్నారు. చివర కుంగుబాటు 17 మి.మీ. అని కూడా లెక్కగట్టి పెట్టుకున్నారు.

సమస్య

పరీక్షకు తీసుకున్న మొదటి చేయిని బిగించి 3 కిలోన్యూటన్లు వేలాడదీస్తే, చివర దాదాపు లెక్కగట్టినంతే కిందికి దిగింది. దాంతో అందరికీ ధైర్యం వచ్చింది. తర్వాత ప్రూఫ్ లోడ్, 1.25 రెట్లు, అంటే 3.75 కిలోన్యూటన్లు పెట్టారు. బరువు తీసేశాక చివర మామూలు స్థాయికి రాలేదు. 8-9 మి.మీ. కిందికే ఉండిపోయింది. రెండో చేయి కూడా అంతే చేసింది. ఎక్కడా పగులు లేదు, చప్పుడు లేదు, వెల్డు ఊడలేదు.

వేలు సహజంగానే వెల్డర్ వైపు తిరిగింది. కారణం వెతకడానికి నేను వెళ్లినప్పుడు ఆయన నన్ను చూడగానే అన్న మొదటి మాట, "సార్, నా బీడ్ చూడండి, ఒక్క పొక్కు ఉందేమో చూపించండి." నిజంగానే లేదు. రంగు ద్రవం పూసి పగుళ్లు వెతికే డై పెనిట్రెంట్ పరీక్షలో ఏమీ తేలలేదు. నమూనా ముక్కను కోసి, పాలిష్ చేసి, యాసిడ్ పెట్టి చూస్తే మూల దాకా లోహం కరిగి కలిసింది. ఆ సైజు వెల్డులో ఇంతకంటే మంచి పని ఎవరూ అడగలేరు.

నేను వెళ్లేలోపు చేసి చూసినవి

మొదట వెల్డు సైజు పెంచారు. 4 మి.మీ. ఫిల్లెట్ బదులు 8 మి.మీ. ఉక్కులో పెరిగిన అలవాటు ఇది: జాయింట్ దగ్గర తేడా వస్తే లోహం ఇంకొంచెం పోయి. ఫలితం కొంచెం అధ్వాన్నంగా వచ్చింది. ఎందుకో అప్పటికి వాళ్లకు అంతుపట్టలేదు.

తర్వాత పైన, కింద త్రికోణపు గస్సెట్లు (మూలను బలపరిచే ప్లేట్లు) పెట్టారు. ఒక్కోటి 150 మి.మీ. పొడవు, చివర చుట్టూ తిప్పి వెల్డు చేశారు. ఈసారి బేస్ ప్లేటు దగ్గర వంపు రాలేదు. గస్సెట్ మొన దగ్గర వచ్చింది. మొత్తం మీద తగ్గిందిగానీ పోలేదు. గస్సెట్ వల్ల జాయింట్ గట్టిపడిందని వాళ్లు సంతోషించారు. నాకు మాత్రం అసలు విషయం చెప్పింది ఈ పరీక్షే. మొమెంట్ ఎక్కువగా ఉన్న చోట వంగకుండా, తక్కువగా ఉన్న గస్సెట్ మొన దగ్గర వంగిందంటే, వంపు మొమెంట్‌ను మాత్రమే వెతుక్కుంటూ పోవడం లేదు. వెల్డు ఎక్కడ ఆగితే అక్కడికి వస్తోంది.

ఎక్కడ వంగిందో కొలిస్తే

మొదటి చేయి తెప్పించి పై ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూశాను. స్కేలు కింద వెలుతురు కనబడే చోటు వెల్డు మీద లేదు. వెల్డు అంచు నుంచి 10-12 మి.మీ. అవతల ఉంది. అక్కడ ట్యూబు పై ముఖం కొద్దిగా లోపలికి పీక్కుపోయినట్టు ఉంది, వేలితో రాస్తే తెలుస్తుంది. వెల్డు, ఆ పక్కన ఒక సన్నని పట్టీ, ఆ తర్వాత ట్యూబు. వంగింది ఆ మధ్య పట్టీ ఒక్కటే.

కోసిన ముక్క మీద వెల్డు అంచు నుంచి బయటికి వరుసగా హార్డ్‌నెస్ చూశాం. దూరంగా ఉన్న ట్యూబు లోహం వికర్స్ స్కేలు మీద 105 ప్రాంతంలో ఉంది. వెల్డు వైపు వస్తున్నకొద్దీ తగ్గి, వంపు వచ్చిన చోట 60-65కు పడిపోయింది. 30 మి.మీ. దాటాక మళ్లీ పాత అంకె. 8 మి.మీ. వెల్డు వేసిన ముక్కలో కూడా కనిష్ఠం దాదాపు అంతే. కాకపోతే మెత్తటి పట్టీ వెడల్పు పెరిగింది. ఎక్కువ లోహం పోయడమంటే ఎక్కువ వేడి పోయడమే కదా.

ఇలా ఎందుకవుతుందో కొంచెం చెప్పాలి. 6061కు బలం పుట్టుకతో రాదు. అందులో మెగ్నీషియం 1 శాతం అటూ ఇటూగా, సిలికాన్ అంతకంటే కొంచెం తక్కువగా ఉంటాయి. దాన్ని 530 డిగ్రీల ప్రాంతానికి వేడి చేస్తే అవి రెండూ అల్యూమినియంలో కరిగిపోతాయి. వెంటనే నీళ్లలో ముంచి చల్లారిస్తే బయటికి రాలేక లోపలే ఇరుక్కుంటాయి. ఆ తర్వాత 160-180 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే కంటికి కనబడనంత సన్నని రేణువులుగా, లెక్కలేనన్ని చోట్ల ఒక్కసారిగా పేరుకుంటాయి. లోహపు పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టుకునేవి ఆ రేణువులే. టీ6 అంటే ఆ స్థితే. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియంలో ఈ గుణాన్ని కనిపెట్టాడు. తర్వాత వచ్చిన బలమైన అల్యూమినియం రకాల్లో చాలావాటికి ఆధారం అదే.

వెల్డింగ్ వేడి ఈ ఏర్పాటును చెడగొడుతుంది. 200 నుంచి 400 పైచిలుకు డిగ్రీల వేడి తగిలిన చోట సన్న రేణువులు ఒకదాన్నొకటి మింగి లావెక్కుతాయి, సంఖ్యలో తగ్గిపోతాయి. వాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి, పొరలు సులువుగా జారతాయి. ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు: సరుకు అంతే ఉంది, కానీ అంతటా లేదు. వెల్డుకు ఆనుకుని ఉన్న లోహం ఇంకా ఎక్కువ వేడెక్కి రేణువులు మళ్లీ కరిగిపోతాయి, కాబట్టి చల్లారాక అది కాలక్రమేణా కొంత కోలుకుంటుంది. దానికి కాస్త అవతల, రేణువులు లావెక్కిన పట్టీ మాత్రం కోలుకోదు. అందుకే వంపు వెల్డు అంచున కాకుండా 10 మి.మీ. అవతల వచ్చింది.

అల్యూమినియం నిర్మాణాల యూరప్ డిజైన్ కోడ్ అయిన యూరోకోడ్ 9లో ఈ నష్టానికి అంకెలున్నాయి. 6061-టీ6 యీల్డ్ 240 అయితే, వేడి సోకిన ప్రాంతంలో లెక్కకు తీసుకోవాల్సింది 115. తెగే బలం 175. 6 మి.మీ. లోపు మందానికి ఆ ప్రాంతం మిగ్‌తో (ఫిల్లర్ తీగే ఆర్క్‌లో కరిగే పద్ధతి) 20 మి.మీ., టిగ్‌తో 30 మి.మీ. మేం కొలిచిన హార్డ్‌నెస్ దీనితో బాగానే సరిపోయింది.

ఇప్పుడు డిజైనర్ లెక్కలో 240 తీసేసి 115 పెట్టండి. మామూలు బరువుకే స్ట్రెస్ 125. అంటే పైఅంచు, కిందిఅంచు అప్పటికే యీల్డ్ దాటుతున్నాయి. మెత్తబడ్డ సెక్షన్ మొత్తం లొంగిపోయే మొమెంట్ సుమారు 4.15 కిలోన్యూటన్-మీటర్లు. ప్రూఫ్ లోడ్‌లో వచ్చింది 4.5. చేయి వంగకపోతేనే ఆశ్చర్యపడాలి.

రెండు నమ్మకాలు దారి తప్పించాయి

మొదటిది కుంగుబాటు. 3 కిలోన్యూటన్ల దగ్గర లెక్కకు దగ్గరగా వచ్చింది కాబట్టి డిజైన్ సరైనదే అనుకున్నారు. అల్యూమినియం యంగ్స్ మాడ్యులస్ (లోహం బరువుకు సాగకుండా ఎంత బిర్రుగా ఉంటుందో చెప్పే కొలత) 70 గిగాపాస్కల్స్. టీ6 అయినా, మెత్తబడినా, అసలు మిశ్రమలోహమే మారినా ఇది పెద్దగా మారదు. పైగా 1,200 మి.మీ. పొడవులో మెత్తటి పట్టీ 30 మి.మీ. మాత్రమే. అందువల్ల యీల్డ్ గట్టిగా దాటేదాకా కుంగుబాటు ఏమీ చెప్పదు. కుంగుబాటు కొలత బిర్రును చూపిస్తుంది, బలాన్ని కాదు. ప్రూఫ్ లోడ్ పరీక్షలో అసలు చదవాల్సింది బరువు తీశాక మిగిలిన అంకె.

రెండోది వెల్డింగ్ ప్రొసీజర్ రిపోర్టు. ఫైల్లో భద్రంగా ఉంది. వెల్డు అడ్డంగా లాగి తెంపిన ముక్క 182 మెగాపాస్కల్స్ దగ్గర తెగింది, పక్కన "పాస్" అని ముద్ర. ఆ పాస్ దేనికో ఎవరూ చూడలేదు. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వాళ్ల ఏడబ్ల్యూఎస్ డీ1.2 కోడ్ 6061-టీ6 వెల్డుకు అడిగేది 165 మాత్రమే. వెల్డ్ చేయని ట్యూబుకు కనీసం 260 ఉంటుంది. అంటే బలం తగ్గుతుందని ఒప్పుకునే ఆ కోడ్ గీత గీసింది. ఉక్కు అలవాటులో పాస్ అంటే అతుకు అసలు లోహానికి సమానమని అర్థం చేసుకుంటారు. ఇక్కడ ఆ అర్థం కుదరదు. ముక్క ఎక్కడ తెగిందన్న గడిలో "వేడి సోకిన ప్రాంతం" అని కూడా రాసి ఉంది. సమాధానం ఫైల్లోనే ఉంది, అంకెను దేనితో పోల్చాలో తెలియక దాటేశారు.

వేడిని అదుపులో పెట్టి చూశాం

నష్టం పూర్తిగా పోదని తెలిసినా, ముందు వెల్డింగ్ పద్ధతి చూడాలనుకున్నాను. కారణం హార్డ్‌నెస్ వరుసే. కొన్ని ముక్కల్లో మెత్తటి పట్టీ 30 మి.మీ. కంటే బాగా వెడల్పుగా ఉంది. వెల్డర్ పని చేస్తుండగా పక్కన నిలబడి చూస్తే సంగతి తెలిసింది. 12 మి.మీ. బేస్ ప్లేటు వేడిని లాగేసుకుంటోంది, అల్యూమినియం ఉక్కు కంటే వేడిని ఎన్నో రెట్లు వేగంగా పాకిస్తుంది. బీడ్ పారడం లేదని ఆయన గ్యాస్ మంటతో ముందుగా ప్లేటును, దాంతో పాటు ట్యూబు మొదలును కాచుతున్నారు. ఎంత వేడెక్కిందో చూపు పట్టదు. ఉక్కు ఎర్రబడి చెబుతుంది, అల్యూమినియం కరిగేదాకా రంగు మారదు. టెంపరేచర్ చాక్ గీసి చూస్తే 200 డిగ్రీలది కూడా కరిగింది. 6061కు ముందు వేడి 120 దాటకూడదు, అదీ ఎక్కువసేపు ఉంచకూడదు.

మంట ప్లేటుకు మాత్రమే పరిమితం చేశాం, 100 దగ్గర ఆపించాం. టిగ్ బదులు పల్స్ మిగ్ పెట్టాం, వెల్డర్ చేయి వేగంగా కదిలేలా. ఒక పాస్‌కూ (వెల్డు వరుసకూ) ఇంకో పాస్‌కూ మధ్య చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే మొదలుపెట్టమన్నాం. యూరోకోడ్ చెప్పే 20, 30 మి.మీ. వెడల్పులు రెండు పాస్‌ల నడుమ ఉష్ణోగ్రత 60 డిగ్రీల లోపు ఉన్నప్పటివి. ఎక్కువైతే వెడల్పును పెంచి లెక్కపెట్టాలి. 6061లో వెల్డ్ చేసిన మర్నాడే పరీక్ష పెట్టడం కూడా మాన్పించాను. ఆ కోడ్ అంకెలు వెల్డింగ్ అయి కనీసం మూడు రోజులు గడిచాక వర్తించేవి.

మిగిలిపోయే వంపు 9 నుంచి 5-6 మి.మీ.కు తగ్గింది. పోలేదు. పోదని ముందే అనుకున్నాం. పట్టీ ఎంత మెత్తగా ఉందన్నది ఎంత బరువుకు లొంగుతుందో నిర్ణయిస్తుంది. పట్టీ వెడల్పు లొంగాక ఎంత వంగుతుందో నిర్ణయిస్తుంది. మంచి వెల్డింగ్ రెండోదాన్ని మాత్రమే బాగా మార్చగలిగింది. ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ గురించి కూడా అడిగారు. 1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో పుట్టిన పద్ధతి అది. లోహాన్ని కరిగించకుండా కలుపుతుంది కాబట్టి నష్టం తక్కువే. కానీ దానిలోనూ వేడి సోకిన ప్రాంతం ఉంటుంది. ట్యూబు చుట్టూ ఫిల్లెట్ లాంటి జాయింట్‌కు అది కుదిరే పని కాదు.

మళ్లీ వేడి చేసి బలం తెప్పించొచ్చు కదా?

ఈ ప్రశ్న వాళ్ల ప్రొడక్షన్ మేనేజర్ అడిగారు, అడగాల్సిందే. సైకిల్ ఫ్రేములు వెల్డ్ చేసిన అల్యూమినియంతో లక్షల్లో వస్తున్నాయి, అవి ఎలా నిలుస్తున్నాయని. నిజమే. 6061 ఫ్రేములను వెల్డ్ చేశాక కొలిమిలో మొత్తం వేడి చేసి, చల్లార్చి, వంకర్లు సరిచేసి, మళ్లీ ఏజింగ్ (160-180 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచడం) చేస్తారు. అంటే టీ6ను మొదటి నుంచీ మళ్లీ తయారు చేస్తారు.

మా చేతికి అది ఎందుకు వద్దన్నానంటే, మొదటిది, సన్నని ట్యూబు, మందపాటి ప్లేటు కలిసిన వస్తువును 530 డిగ్రీల నుంచి నీళ్లలో ముంచితే రెండూ వేర్వేరు వేగాల్లో చల్లారి మెలితిరుగుతాయి. బేస్ ప్లేటు బోల్టు రంధ్రాలు స్తంభానికి కలవాలి, దాన్ని మళ్లీ సాగగొట్టి సరిచేసే ఏర్పాటు వాళ్ల దగ్గర లేదు. రెండోది, 5356 ఫిల్లర్ మెగ్నీషియం ఎక్కువ ఉన్నది, ఈ హీట్ ట్రీట్‌మెంట్‌కు స్పందించదు. ఆ దారిలో పోవాలంటే 4643 లాంటి ఫిల్లర్‌కు మారాలి, ప్రొసీజర్ పరీక్షలు కొత్తగా చేయాలి.

ఇంకొకరు చల్లార్చడం వదిలేసి ఏజింగ్ ఒక్కటే చేద్దామన్నారు, 175 డిగ్రీల ఓవెన్ సులువుగా దొరుకుతుంది కాబట్టి. మెత్తటి పట్టీలో రేణువులు ఇప్పటికే లావెక్కి కూర్చున్నాయి. వాటిని ఓవెన్‌లో పెడితే సన్నబడవు. బీడ్ పక్కనే కరిగిన కాస్త లోహం బాగుపడుతుంది, వంగేది అది కాదు. ట్యూబును టీ4లో (నీళ్లలో చల్లార్చి, ఇంకా ఓవెన్‌లో ఏజింగ్ చేయని స్థితి) కొని, వెల్డ్ చేసి, తర్వాత ఏజింగ్ చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. దీన్ని మాత్రం తోసిపుచ్చలేదు, ఇంకో దారి దొరక్కపోతే చూద్దామని పక్కన పెట్టాం. గ్యాస్ మంటతో జాయింట్‌ను కాచి "టీ6 తిరిగి తెప్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ చర్చ అక్కడే ఆపేయండి.

ట్యూబు మందం 6 మి.మీ.కు పెంచడం కూడా లెక్కవేశాం. ప్రూఫ్ లోడ్‌లో స్ట్రెస్ 112 దగ్గర ఆగుతుంది, 115కు అతుక్కుని. మామూలు బరువు మీద 1.3 రెట్ల మార్జిన్ కూడా రాదు. ట్యూబు బరువు మాత్రం 46 శాతం పెరుగుతుంది. బరువు కోసం ఉక్కు వదిలి ఇక్కడికి వచ్చారు.

పని చేసిన మార్పు

అప్పటిదాకా అందరం జాయింట్‌ను ఎలా బలపరచాలా అని చూశాం. ప్రశ్నను తిప్పితే దారి కనబడింది: మొమెంట్ అత్యధికంగా ఉన్న చోట, ట్యూబు పై ముఖం మీదా కింది ముఖం మీదా వేడి తగలకుండా చేయగలమా?

బేస్ ప్లేటుకు ట్యూబును వెల్డ్ చేయడం మానేశాం. ప్లేటు మీద 10 మి.మీ. మందం ఉన్న రెండు పక్క ప్లేట్లు నిలబెట్టి, వాటి మధ్య ట్యూబు దూరేలా 300 మి.మీ. పైచిలుకు పొడవున్న సాకెట్ కట్టాం. ట్యూబును రెండు ఎం16 బోల్టులతో బిగించాం. ఒకటి సాకెట్ ముందు భాగంలో, రెండోది దానికి 250 మి.మీ. వెనక. బోల్టు రంధ్రాలు ట్యూబు పక్క గోడల మధ్యలో ఉంటాయి. అక్కడ వంపు స్ట్రెస్ సున్నాకు దగ్గర కాబట్టి రంధ్రం వల్ల పోయే బలం లెక్కలోకి రానంత తక్కువ. బోల్టు బిగిస్తే ట్యూబు గోడలు లోపలికి నొక్కుకుపోకుండా లోపల స్పేసర్ గొట్టం పెట్టాం. బోల్టులు స్టెయిన్‌లెస్ కాబట్టి తడి తగిలితే అల్యూమినియం తినేయకుండా నైలాన్ బుష్‌లు, వాషర్లు.

ఇక వెల్డింగ్ అంతా సాకెట్‌లోనే. సాకెట్‌కు 5083-హెచ్111 ప్లేటు ఎంచుకున్నాం. 5083 బలం హీట్ ట్రీట్‌మెంట్ నుంచి కాక, కరిగి ఉన్న మెగ్నీషియం నుంచి వస్తుంది. హెచ్111 స్థితిలో యీల్డ్ 125 ప్రాంతం, వెల్డ్ చేశాక కూడా అంతే. కాగితం మీద 6061-టీ6లో సగమే. కానీ వెల్డు పోగొట్టడానికి అందులో ఏమీ లేదు, అందుకే అల్యూమినియం ఓడల బయటి గోడలకు దాన్ని ఎక్కువగా వాడతారు. పక్క ప్లేట్లను బేస్ ప్లేటు దగ్గర 160 మి.మీ. ఎత్తు పెట్టాం, స్ట్రెస్ 42 దగ్గర ఆగింది. కొంచెం లావుగా కనబడుతుందని డిజైనర్ గొణిగారు.

ట్యూబులో ఇప్పుడు అత్యధిక మొమెంట్ ముందు బోల్టు దగ్గర. అక్కడి నుంచి చివరికి 0.9 మీటర్లు, మొమెంట్ 2.7, స్ట్రెస్ 94. ఎదురుగా ఉన్నది వేడి తగలని లోహపు 240. అందుకే ఈసారి ప్రూఫ్ లోడ్ 1.5 రెట్లకు పెంచుదామన్నాను. మార్జిన్ ఉందని కాగితం చెబుతున్నప్పుడు పరీక్ష అంతదాకా వెళ్లి అడగాలి.

ఒక చేయిలో డయల్ గేజ్ సున్నాకు తిరిగొచ్చింది. రెండో చేయిలో ఒక మిల్లీమీటరుకు కొంచెం పైన ఆగిపోయింది.

ఒక చిన్న లగ్గు

బోల్టులు సర్దుకున్నాయేమో, రంధ్రాల్లో ఖాళీ ఉందేమో అనుకుని బరువు మళ్లీ పెట్టి తీస్తే కొత్తగా ఏమీ పెరగలేదు. రంధ్రాలు విప్పి చూస్తే గుండ్రంగానే ఉన్నాయి. స్కేలు పెట్టి చూస్తే ట్యూబు పై ముఖం మీద, ముందు బోల్టుకు 50 మి.మీ. అవతల, సన్నని వెలుతురు. అక్కడ 40 మి.మీ. వెడల్పు ఉన్న లగ్గు, అంటే చిన్న లోహపు ముక్క, వెల్డ్ చేసి ఉంది. కేబుల్ పట్టుకునే క్లిప్పు కోసం. డ్రాయింగ్‌లో లేదు. అసెంబ్లీ వాళ్లకు కేబుల్ వేలాడుతుంటే చిరాకేసి, టిగ్‌తో రెండు టకాలు (చిన్న టాక్ వెల్డులు) కొట్టించుకున్నారు.

లగ్గు ఏ బరువూ మోయదు, మోసేది ఒక ప్లాస్టిక్ క్లిప్పును. కానీ 50 మి.మీ. ముఖం మీద 40 మి.మీ. లగ్గు, చుట్టూ 30 మి.మీ. వేడి అంటే ముఖం మొత్తం అడ్డంగా మెత్తబడింది. ఆ చోట ప్రూఫ్ లోడ్ స్ట్రెస్ 133, లోహం తట్టుకోగలిగింది 115. కొంచెం లొంగింది, అంతే. 3 కిలోన్యూటన్ల దగ్గర ఆ చోటు 89లోనే ఉంటుంది కాబట్టి వెంటనే ప్రమాదం లేదు. కానీ ఎక్కే దిగే మనుషుల వల్ల బరువు పడుతూ లేస్తూ ఉండే చోట, లాగుడు ముఖం మీద అడ్డంగా ఉన్న వెల్డు అంచు అలసటకు, ఫటీగ్ పగులుకు మంచి మొదలు. ఫటీగ్‌లో టీ6 అయినా మెత్తబడిందైనా వెల్డు అంచు బలం ఒకటే. ఉక్కులో అదే వివరానికి ఉండే దానిలో మూడో వంతు ప్రాంతం అనుకోవచ్చు. క్లిప్పును పక్క గోడ మధ్యలో పాప్ రివెట్‌తో పెట్టించాం. ఆ మార్పుతో చేసిన చేతులు 1.5 రెట్ల దగ్గర సున్నాకు తిరిగొచ్చాయి.

దీని నుంచి పనికొచ్చేవి

నన్నడిగితే ఈ కేసులో అన్నిటికంటే విలువైన పాఠం ఆ లగ్గుదే. బేస్ ప్లేటు జాయింట్‌ను ఎవరో ఒకరు లెక్కవేస్తారు. లగ్గును ఎవరూ లెక్కవేయరు. అందుకే ఆ డ్రాయింగ్ మీద ఇప్పుడు ట్యూబు పై, కింది ముఖాలకు గీతలు కొట్టి "ఇక్కడ వెల్డింగ్ చేయరాదు" అని రాసి ఉంది, టాక్ వెల్డుతో సహా. ఆర్క్ ఎక్కడ తగిలించకూడదో చెప్పే డ్రాయింగ్ అల్యూమినియంలో వెల్డు గుర్తులున్న డ్రాయింగ్ అంత అవసరం.

డిజైన్ చేసేవాళ్లు వెల్డు ఎక్కడ పెట్టాలో నిర్ణయించాకే మిశ్రమలోహాన్ని ఎంచుకోవాలి. వీళ్లు తారుమారుగా చేశారు. ముందు 6061-టీ6 అంకె చూసి మురిసిపోయి, తర్వాత దాన్ని సగానికి దించే చోట వెల్డు పెట్టారు. వెల్డు తప్పనిసరిగా అత్యధిక మొమెంట్ దగ్గరే ఉండాల్సి వస్తే, 6061కూ 5083కూ తేడా దాదాపు ఉండదు. వెల్డును తటస్థ అక్షం (వంపు స్ట్రెస్ సున్నా అయ్యే మధ్య గీత) దగ్గరకో, మొమెంట్ సగం ఉన్న చోటికో జరపగలిగితే టీ6 బలం మనకు దక్కుతుంది. పొడవు వెంబడి వేసే వెల్డు అడ్డంగా వేసే దానికంటే నయం, ఎందుకంటే సెక్షన్‌లో కొంత భాగమే మెత్తబడుతుంది. అడ్డంగా చుట్టూ వేసేది మొత్తాన్నీ పట్టేస్తుంది.

వెల్డర్ల విషయంలో ఒక్క మాట. వంపు వెల్డు పక్కన వచ్చినంత మాత్రాన తప్పు వెల్డర్‌ది కాదు. మంటతో కాచడం సరిదిద్దాల్సిన అలవాటే, కానీ సన్న ట్యూబును మందపాటి ప్లేటుకు అతకమని చెప్పినవాళ్లు ఆయన్ని ఆ మంట దగ్గరకు నెట్టారు. వెల్డింగ్ అంచున ప్లేటు మందం తగ్గించి ఇస్తే ఆ అవసరమే రాదు.

ఇప్పటికే బయటికి వెళ్లిన చేతులు

ప్రూఫ్ లోడ్ పెట్టకుండా పంపిన మొదటి విడత వేదికలు కొన్ని అప్పటికే వాడుకలో ఉన్నాయి. వాటిని వెంటనే ఆపించాలా అన్నది గట్టిగా ఆలోచించాల్సిన నిర్ణయం. మెత్తబడ్డ ప్రాంతం పెళుసుగా విరగదు, వంగి తెలియజేస్తుంది. తెగే బలం 175 దాకా ఉంది. కాబట్టి ఒక్కసారిగా కూలే ప్రమాదం తక్కువని, కానీ మార్జిన్ లేదని తేల్చాం. 115ను 1.65తో భాగిస్తే అనుమతించగల స్ట్రెస్ 70. దాని ప్రకారం చేయి మోయగలిగేది 1.67 కిలోన్యూటన్లు. కింది వైపు గుండ్రం చేసి 1.6 అని కొత్త లోడ్ పలకలు కొట్టించి, పాతవి పీకించారు. అంటే చేతికి 300 కిలోల బదులు 160.

సాకెట్లు తయారవగానే ఒక్కొక్కటిగా మారుస్తూ వచ్చారు. పాత ట్యూబును మొదలు దగ్గర మెత్తబడ్డ భాగం మేర కోసేసి సాకెట్‌లో వాడొచ్చా అని అడిగారు. సాకెట్ 300 మి.మీ. ముందుకు వచ్చింది, ట్యూబు వెనక చివర బోల్టు అవతల ఒత్తిడి ఉండదు, కాబట్టి పొడవు సరిపోతుంది. ఒక షరతు పెట్టాను. పాత ట్యూబుల్లో కొన్నిటికి లగ్గులు ఉండి ఉండొచ్చు, కోసి గ్రైండ్ చేసి పాలిష్ పెట్టి ఉండొచ్చు. పైకి నున్నగా కనబడుతుంది, లోపల లోహం మెత్తగానే ఉంటుంది.

దాన్ని పట్టుకోవడానికి ఎడ్డీ కరెంట్ కండక్టివిటీ మీటర్ వాడాం. రేణువులు లావెక్కిన లోహం కరెంటును కొంచెం బాగా పారనిస్తుంది. శుద్ధ రాగిని 100 అనుకుంటే 6061-టీ6 సుమారు 43, పూర్తిగా మెత్తబడింది 47. ప్రోబ్‌ను పై ముఖం మీద మొదలు నుంచి చివరిదాకా జరుపుకుంటూ పోతే, గ్రైండ్ చేసిన చోట అంకె పైకి లేస్తుంది. అలా లేచిన చోటల్లా హార్డ్‌నెస్ కూడా చూసి, కొన్ని ట్యూబులను పక్కన పెట్టించాం. వాటిని చేతులుగా కాకుండా, బరువు పడని రెయిలింగ్ మధ్య కడ్డీలకు కోసి వాడుకున్నారు.